కొండ లేని డెల్టాలో మౌంటెన్ బైక్ రేసు: ఏది కుదురుతుంది, ఏది కుదరదు

గోదావరి డెల్టాలో కుర్రాళ్లు ఇప్పుడు ఇష్టపడి కొనుక్కునేది లావు టైర్లు, ముందు సస్పెన్షన్, డిస్కు బ్రేకులు ఉన్న సైకిలే. అమలాపురమైనా భీమవరమైనా కాలేజీ స్టాండులోకి తొంగిచూస్తే అవే కనిపిస్తాయి. కానీ ఆ సైకిల్ మీద రేసు కొట్టొచ్చన్న ఆలోచన మాత్రం అరుదు. మౌంటెన్ బైక్ రేసు అనగానే హిమాచల్, స్విట్జర్లాండ్, దేవదారు అడవులు గుర్తొస్తాయి, మన దగ్గరేమో ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా చెప్పుకోదగ్గ మిట్ట ఒక్కటీ లేదు, అందుకే ఇది మన ఆట కాదని ముందే తేల్చేసుకుంటారు.

ఈ తీర్పు సగమే నిజం. మౌంటెన్ బైక్ రేసుల్లో కొండ లేకపోతే అసలు కుదరని రకాలు ఉన్నాయి, ఉన్నమాట ఒప్పుకోవాలి. కానీ ఒలింపిక్స్‌లో ఉన్న రకానికి కావలసిన వాటిలో సగానికి పైగా బురదలో, ఇసుకలో, ఇరుకు గట్ల మీద నేర్చుకోదగ్గవే. ప్రపంచంలో ఈ ఆటకు పెద్ద ఆటగాళ్లను ఇచ్చిన దేశాల్లో కొన్ని మనకంటే పెద్దగా ఎత్తేమీ లేనివి. వాళ్లు ఏం చేశారో చూస్తే డెల్టా దారి ఎటో తెలుస్తుంది.

ముందు ఆట సంగతి. ఇది పుట్టింది కాలిఫోర్నియాలో, మౌంట్ టామల్‌పైస్ చుట్టుపక్కల. 1976 అక్టోబరులో ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొందరు కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లు, లావు టైర్లవి, కొండ మీదికి తీసుకెళ్లి మట్టిరోడ్డు మీద కిందికి రేసు పెట్టుకున్నారు. ఆ సైకిళ్లకు వెనక చక్రం హబ్బులోనే బ్రేకు, పెడల్ వెనక్కి తొక్కితే పడుతుంది. కొండ దిగేసరికి వేడికి హబ్బులో గ్రీజు కాలిపోయి పొగలొచ్చేది, మళ్లీ కొత్త గ్రీజు నింపితే గాని ఇంకో రేసుకు పనికిరాదు, దాంతో ఆ రేసుకు రీప్యాక్ అన్న పేరు నిలిచిపోయింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఆ గుంపులోని వాళ్లే. పాత సైకిళ్లు విరిగిపోతుంటే 1977లో జో బ్రీజ్ ఇందుకోసమే కొత్త ఫ్రేము కట్టాడు. 1990లో అమెరికాలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్, 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్. సరదా పందెం నుంచి ఒలింపిక్స్‌కు 20 ఏళ్లు పట్టింది, క్రీడల చరిత్రలో ఇది చాలా తొందరగా జరిగినట్టే లెక్క.

ఇందులో రకాలు చాలా ఉన్నాయి గానీ డెల్టా నుంచి ఆలోచించేవాళ్లు మూడు నాలుగు తెలుసుకుంటే చాలు. డౌన్‌హిల్ అంటే పై నుంచి కిందికి ఒక్కొక్కరే, గడియారంతో పోటీ, మూడు నుంచి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఇది ఎంతవరకు వాలు ఆటో ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో జరిగిన ప్రపంచకప్ రేసులో ఆరన్ గ్విన్ సైకిల్ చైన్ మొదట్లోనే తెగిపోయింది, ఒక్క పెడల్ కూడా తొక్కకుండా కిందిదాకా వచ్చి అతనే గెలిచాడు. ఎక్కడ బ్రేకు పట్టాలి, ఎక్కడ వదలాలి, మలుపులో ఏ గీత మీద పోవాలి అన్నదే డౌన్‌హిల్. ఎన్‌డ్యూరోలో దిగే ముక్కలకే టైము లెక్కిస్తారు, ఎక్కడం మాత్రం ఎవరి కాళ్ల మీద వాళ్లే. మారథాన్ అంటే 60 నుంచి 160 కిలోమీటర్లు. దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరిగే కేప్ ఎపిక్ ఇంకా పెద్దది, ఎనిమిది రోజుల రేసు, ఇద్దరిద్దరు జట్టుగా తొక్కాలి, ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి ఎడం రాకూడదు.

ఒలింపిక్స్‌లో ఉన్నది మాత్రం క్రాస్-కంట్రీ, పొట్టిగా ఎక్స్‌సీఓ. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల చుట్టు ఒకటి కట్టి, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతారు, అందరూ ఒకేసారి బయల్దేరతారు, మొత్తం గంటన్నర లోపు తేలిపోతుంది. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే డెల్టాకు సంబంధించిన వాదన మొత్తం ఈ రేసు ఎలా నడుస్తుందన్న దాని మీదే నిలబడుతుంది.

గంటన్నర రేసు అంటే చాలామంది నిలకడగా ఒకే వేగంతో తొక్కే ఓపిక పని అనుకుంటారు. అలా ఉండదు. మొదటి రెండు నిమిషాలు దాదాపు స్ప్రింట్, ఎందుకంటే వెడల్పు దారి కొద్ది దూరంలోనే ఒక్క సైకిల్ పట్టే ఇరుకు దారిలోకి మారిపోతుంది, అందులోకి పదో స్థానంలో దూరినవాడు రేసులో ఉంటాడు, అరవయ్యో స్థానంలో దూరినవాడు ముందువాడు జారిపడితే దిగి నిలబడాలి. ఆ తర్వాత కూడా పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, ఐదు సెకన్లు తొక్కకుండా దొర్లడం, మళ్లీ పదిహేను సెకన్లు రాళ్ల మీదికి ఎగదోయడం, ఇలాగే సాగుతుంది. గుండె మాత్రం రేసంతా దాని గరిష్ఠ వేగంలో 90 శాతం దగ్గర్లోనే కొట్టుకుంటుంది, దొర్లేటప్పుడు కాళ్లు ఆగినా చేతులు, నడుము సైకిల్‌ను పట్టి ఉంచుతూనే ఉంటాయి కాబట్టి దానికి విశ్రాంతి ఉండదు. దీనికి తోడు 80 శాతం నియమం ఒకటి ఉంది. ముందున్నవాడి మొదటి చుట్టు టైములో 80 శాతం కన్నా ఎక్కువ వెనకబడితే అధికారులు రేసులోంచి దించేస్తారు. అంటే ఇంకా ఒక పూర్తి చుట్టు కూడా వెనకబడని బలమైన రైడరు కూడా చివరి గీత చూడకుండానే ఇంటికి పోవాల్సి రావచ్చు.

2018 నుంచి ప్రపంచకప్‌లో షార్ట్ ట్రాక్ అని ఇంకో రేసు పెట్టారు. సుమారు 20 నిమిషాలు, చుట్టు చిన్నది, ఇందులో ఎవరు ముందుంటే ఆ తర్వాత జరిగే పెద్ద రేసులో వాళ్లకు ముందు వరుసలు. దీనికి పెద్ద కొండ అక్కర్లేదు, ఒక పార్కు, నాలుగు మిట్టలు, మలుపులు చాలు. డెల్టాలో ఎవరైనా రేసు కట్టాలంటే మొదట చూడాల్సింది దీన్నే.

ఇప్పుడు కొండ సంగతి. 2024 పారిస్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ రేసు జరిగింది ఎలాంకూర్ గుట్ట మీద. దాని ఎత్తు 231 మీటర్లు, పారిస్ ప్రాంతం మొత్తంలో అదే ఎత్తైన చోటు, అదీ ప్రకృతి పెట్టిన కొండ కాదు, పాత రాతి క్వారీలో చెత్త, శిథిలాలు పోసి నింపగా తేలిన గుట్ట. అక్కడ బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్ మధ్యలో టైరు పంక్చరై అర నిమిషం పైగా వెనకబడి, ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి ఆఖరి చుట్టులో ఫ్రాన్స్ రైడర్ విక్టర్ కొరెట్స్కీని దాటి బంగారం గెలిచాడు, అతనికిది వరసగా రెండోది. 2012 లండన్ ఒలింపిక్స్‌కైతే మొదట అనుకున్న చోటు మరీ తేలిగ్గా ఉందని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒప్పుకోలేదు, అప్పుడు ఎసెక్స్‌లో థేమ్స్ నది సముద్రంలో కలిసే వైపు ఉన్న హ్యాడ్లీ ఫార్మ్ అనే పొలం వాలు మీద, బయటి నుంచి బండలు తెచ్చి పేర్చి దారి కట్టారు. అక్కడ గెలిచిన చెక్ రైడర్ యరొస్లావ్ కుల్హావీకి, రెండో స్థానంలో వచ్చిన స్విస్ రైడర్ నీనో షుర్టర్‌కి మధ్య తేడా గంటన్నర తర్వాత ఒక్క సెకను. నదీముఖం పక్కన పొలం వాలు మీద ఒలింపిక్ రేసు జరిగిందన్న సంగతి కోనసీమ వాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆటగాళ్ల సంగతి. 1996లో మగవాళ్ల తొలి ఒలింపిక్ బంగారం ఎవరిది? బార్ట్ బ్రెంట్యెన్స్‌ది, దేశం నెదర్లాండ్స్. యూరప్ భూభాగంలో ఆ దేశానికున్న అతి ఎత్తైన చోటు 322 మీటర్లు, నేలలో సుమారు నాలుగో వంతు సముద్రమట్టం కన్నా కిందే. 2016లో ఆడవాళ్ల ప్రపంచ చాంపియన్ అన్నికా లాంగ్‌వాడ్‌ది డెన్మార్క్, అక్కడ అత్యంత ఎత్తు సుమారు 171 మీటర్లు. 2024లో ప్రపంచ చాంపియన్ అయిన పుక్ పీటర్సే మళ్లీ నెదర్లాండ్స్ అమ్మాయే. స్విట్జర్లాండ్ వాళ్లు గెలవలేదని కాదు, షుర్టర్ ఒక్కడే పది సార్లు ప్రపంచ చాంపియన్, 2021 టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మూడు పతకాలూ స్విస్ వాళ్లే తీసుకున్నారు. కొండలున్నవాళ్లకు లాభం ఉంది. కానీ ఆ లాభం ఎంత ఉండాలని మనం ఊహిస్తామో అంత లేదు, దానికి కారణం సైక్లో-క్రాస్.

సైక్లో-క్రాస్ బెల్జియం, నెదర్లాండ్స్ లాంటి పల్లపు నేలల్లో చలికాలపు ఆట. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు, దాదాపు గంట రేసు, 33 మిల్లీమీటర్లకు మించని సన్న టైర్లు. దారిలో గడ్డి, బురద, ఇసుక, మెట్లు, చెక్క అడ్డాలు. తొక్కలేని చోట సైకిల్ భుజాన వేసుకుని పరుగెత్తాలి. బెల్జియం తీరంలో కోక్సైడ అనే ఊరి దగ్గర ఇసుక దిబ్బల మీద జరిగే రేసు ఈ ఆటలో పేరున్నది. 2012 ప్రపంచ చాంపియన్‌షిప్ అక్కడే జరిగితే మగవాళ్లలో మొదటి ఏడు స్థానాలూ బెల్జియం వాళ్లవే, ఇసుక మీద పుట్టి పెరిగినవాళ్ల ముందు మిగతా దేశాలు నిలబడలేకపోయాయి. పిడ్‌కాక్ 2022లో సైక్లో-క్రాస్ ప్రపంచ చాంపియన్. పీటర్సే వచ్చింది కూడా ఆ ఆటలోంచే. పారిస్‌లో ఆడవాళ్ల బంగారం గెలిచిన పొలీన్ ఫెరాన్-ప్రెవో 2015లోనే సైక్లో-క్రాస్ ప్రపంచ చాంపియన్. బురదలో పట్టు, ఇసుకలో బ్యాలెన్స్, తొక్కడం నుంచి పరుగుకి, పరుగు నుంచి మళ్లీ సీటు మీదికి మారడం, పది సెకన్ల పేలుడు, ఇవన్నీ ఈ పల్లపు నేలల ఆటే నేర్పుతుంది, ఎక్కడం దిగడం దానికి కలుపుకోవచ్చు.

డెల్టాకు కావలసింది ఈ వరసే. కొండ రేసును నకలు చేయబోతే ఓడిపోతాం, మన నేల ఇచ్చేది ముందు తీసుకుని లేనిదాన్ని బయట సంపాదించుకుంటే పోటీలో ఉంటాం. మన నేల ఏమిస్తుందో ఒక్కొక్కటీ చూద్దాం.

ఏటిగట్టు మొదటిది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంట వరద ఆపడానికి కట్టిన ఈ గట్లు చాలా దూరం సాగుతాయి, పొలం వైపు వాలు, ఏటి వైపు వాలు రెండూ ఉంటాయి. లెక్కకు గట్టు ఎత్తు ఐదు మీటర్లు అనుకుందాం. ఒక ఎక్స్‌సీఓ రేసులో మొత్తం ఎక్కే ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు ఉంటుంది, అంటే గట్టును 200 సార్లు ఎక్కితే ఒక రేసు. ఎవరూ అన్నిసార్లు ఎక్కలేరు, ఎక్కక్కర్లేదు కూడా. కానీ ఒక్కో ఎక్కుడు ఎనిమిది పది సెకన్ల పని, రేసులో పదే పదే వచ్చే పేలుడు కూడా అదే కొలత. గట్టు పొలం వైపు నుంచి ఎక్కడం, పైన ముప్పై సెకన్లు తొక్కడం, ఏటి వైపు దిగడం, తిరిగి ఎక్కడం, ఇలా పదిసార్లు చేసి కాసేపు ఆగి మళ్లీ పదిసార్లు చేస్తే కాళ్లకు పట్టే పని ఏ కొండ ప్రాంతపు శిక్షణకూ తీసిపోదు. తారు వేసిన గట్టు మీద బళ్లు ఎక్కువ, దానికన్నా కంకర, మట్టి ఉన్న ముక్కలు మేలు. ఒక జాగ్రత్త, వాలు మీద గడ్డి గట్టుకు కాపు, ఒకేచోట రోజూ తొక్కి గాడి పడేలా చేయకూడదు. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగి ఊళ్లు మునిగిన సంగతి ఇంకా చాలామందికి గుర్తుంది, గట్టు పాడుచేసే ఆటను ఏ ఊరూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు.

రెండోది కొబ్బరితోట. చెట్టుకీ చెట్టుకీ మధ్య మామూలుగా ఏడెనిమిది మీటర్లు ఎడం, వరసల మధ్య బోదెలు, నేల మీద రాలిన మట్టలు, వేళ్ల బుడిపెలు. మౌంటెన్ బైక్ హ్యాండిల్ ముప్పావు మీటరు వెడల్పు, చెట్ల మధ్య మలుపులు తీసుకుంటూ బోదె దిగి ఎక్కుతూ పోవాలంటే చూపు రెండు చెట్ల అవతల ఉండాలి, చక్రం ముందుకు చూసేవాడు చెట్టుకే గుద్దుకుంటాడు. అడవి దారుల్లో నేర్పే మొదటి పాఠం ఇదే. బోదె దిగేటప్పుడు ఒళ్లు వెనక్కి, ఎక్కేటప్పుడు ముందుకు, చేతులు మోకాళ్లు వదులుగా పెట్టి నేలను నొక్కితే తొక్కకుండానే వేగం వస్తుంది, దీన్ని రేసువాళ్లు పంపింగ్ అంటారు. ఇంత చక్కగా ఒకే దూరంలో వరసగా బోదెలుండే చోటు కొండ ప్రాంతాల వాళ్లు మట్టి పోసి కట్టుకోవాల్సిందే. ఒకటే ప్రమాదం, పై నుంచి కాయ పడటం, హెల్మెట్ ఉన్నా దింపు తీసే రోజుల్లో ఆ తోటలోకి పోకూడదు.

మూడోది ఇసుక, అంతర్వేది, ఓడలరేవు వైపు తీరంలో, లంకల్లో వరద వదిలి వెళ్లిన మేటల్లో. ఇసుకలో హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే ముందు చక్రం దిగబడుతుంది, బరువు వెనక్కి వేసి, పెద్ద గేరులో ఆగకుండా గుండ్రంగా తొక్కాలి, చక్రం తనకు తాను దారి వెతుక్కోనివ్వాలి. కోక్సైడలో గెలిచేవాళ్లు చేసేదీ ఇంతే.

నాలుగోది బురద, ఇది వేరే కథ. డెల్టా నల్లరేగడి వాన పడ్డాక టైరుకు అంటుకుని, ఫోర్కుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని, చక్రం తిరగకుండా ఆపేస్తుంది. ఒండ్రు కలిసిన ఇసుక నేల మాత్రం అలా చేయదు, తొక్కనిస్తుంది. రేసుల్లో బురద రోజున సన్నగా, బుడిపెల మధ్య ఎడం ఎక్కువగా ఉండే టైర్లు వేస్తారు, బురద రాలిపోవడానికి. 2011లో స్విట్జర్లాండ్‌లోని షాంపేరీలో వానలో జరిగిన డౌన్‌హిల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డానీ హార్ట్ 11 సెకన్ల పైచిలుకు తేడాతో గెలిచాడు, మామూలుగా సెకనులో భాగాలతో తేలే ఆటలో అది నమ్మశక్యం కాని తేడా. అందరూ జారిపడే నేల మీద జారనివాడికి వచ్చే లాభం అంత. వానాకాలం పెరిగిన పిల్లలకు బురదలో అడుగు ఎక్కడ పడాలో సహజంగా తెలుసు, సైకిల్ మీద దాన్ని సాధనగా మార్చుకోవడమే మిగిలింది.

పంటకాలం చూసుకోకుండా ఇక్కడ ఏ రేసూ కట్టలేం. సార్వా కోతలు అయిపోయాక సంక్రాంతికి పొలాలు ఎండి ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు, కానీ కాలువ కింద దాళ్వా వేసే చోట జనవరికి చేలు మళ్లీ నీళ్లతో నిండుతాయి. అప్పుడు దొరికేవి గట్లు, పుంతలు, తోటలు, తీరం. చేలు నిజంగా ఖాళీ అయ్యేది దాళ్వా కోశాక, కాలువలు కట్టేశాక, ఏప్రిల్ మే నెలల్లో, అప్పుడేమో ఎండ చంపేస్తుంది. కాబట్టి రేసు కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి, ఉదయం పూట, చేలను ముట్టుకోని దారిలో. యూరప్‌లో సైక్లో-క్రాస్ కాలం కూడా దాదాపు ఇదే కావడం మంచిదే, వాళ్ల శిక్షణ పట్టికలను పెద్దగా మార్చకుండా వాడుకోవచ్చు.

సైకిల్ విషయంలో డబ్బు తప్పుడు చోట పోవడం ఎక్కువ. ముందూ వెనకా స్ప్రింగులున్న చవక సైకిల్ చూడటానికి రేసు బండిలా ఉంటుంది, కానీ బరువు ఎక్కువ, తొక్కిన బలంలో కొంత వెనక స్ప్రింగు ఊగడానికే పోతుంది. అదే డబ్బుకు వెనక సస్పెన్షన్ లేని తేలిక ఫ్రేము, మంచి హైడ్రాలిక్ బ్రేకులు, మంచి టైర్లు వస్తాయి. బరువు ఎందుకు ముఖ్యమో లెక్క వేస్తే తెలుస్తుంది. 60 కిలోల మనిషి 12 కిలోల సైకిల్‌తో ఐదు నిమిషాల్లో 100 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఒక్క భూమ్యాకర్షణ మీదే సుమారు 235 వాట్లు పెట్టాలి, సైకిల్ ఐదు కిలోలు పెరిగితే ఇంకో 16 వాట్లు కావాలి. శిక్షణతో అన్ని వాట్లు పెంచుకోవడానికి నెలలు పడుతుంది.

అన్నిటికన్నా చవకగా వచ్చే లాభం టైరు గాలిలో ఉంది. మన దగ్గర గాలి కొట్టించడమంటే రాయిలా గట్టిపడేదాకా కొట్టించడమే, తారురోడ్డుకు అది సరే. మట్టిలో గాలి తగ్గితే టైరు నేల మీద ఎక్కువ పరుచుకుంటుంది, గుంతల మీద ఎగిరిపడకుండా వాటి రూపు తీసుకుంటుంది, పట్టు పెరుగుతుంది. రేసువాళ్లు 20 పీఎస్ఐ అటూ ఇటూగా వాడతారు. ట్యూబుతో అంత తక్కువ గాలి పెడితే రాయి తగిలినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి తెగుతుంది, అందుకే ట్యూబ్‌లెస్, లోపల చిల్లులు మూసే ద్రవం. డెల్టాలో ఈ ద్రవం అవసరం ఇంకా ఎక్కువ, తీరం ఇసుకలో పల్లేరు కాయలు, గట్ల మీద తుమ్మ ముళ్లు ఉన్నాక మామూలు ట్యూబు ఒక్క ఉదయం కూడా నిలవదు. వేడికి ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి నింపుకోవాలి. ఉప్పుగాలికి చైన్, బోల్టులు తుప్పు పట్టడం ఇంకో సమస్య, తీరంలో తొక్కి వచ్చిన రోజే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయాలి. నీళ్ల పైపు మాత్రం బేరింగుల మీదికి గట్టిగా కొట్టకూడదు, లోపలి గ్రీజు పోతుంది.

శరీరం సంగతి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అందుకే అదే వేగానికి గుండె ఇక్కడ ఎక్కువ కొట్టుకుంటుంది. పొద్దున్నే తొక్కడం ఒక్కటే సరైన మార్గం. కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం, కాబట్టి గంట దాటి తొక్కేవాళ్లు బొండాంలో కాస్త ఉప్పు వేసుకోవడమో, మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగడమో చేయాలి. ఇంత పెద్ద పోషక పానీయం చెట్టుకే కాసే చోట డబ్బాల పొడులకు డబ్బు తగలేయడం అనవసరం.

డెల్టా ఏమివ్వలేదో కూడా సూటిగా చెప్పుకోవాలి. ఐదు పది నిమిషాలు ఆగకుండా సాగే ఎక్కుడు లేదు. ఏటిగట్టు మీద సముద్రపు గాలికి ఎదురు తొక్కితే కాళ్లకు అంత పనీ పడుతుంది, శ్వాసకూ సరిపోతుంది, కానీ ఎక్కుడులో ముందు చక్రం లేచిపోకుండా, వెనక చక్రం జారకుండా బరువు సర్దుకునే విద్య గాలి నేర్పదు. అసలైన లోటు మాత్రం దిగడం. రాళ్ల వాలు మీద వేగంగా దిగేటప్పుడు బ్రేకు ఎంత పట్టాలన్నది చేతి వేళ్లకు వేలసార్లు అలవాటైతేనే వస్తుంది, భయం పోవడానికీ వేరే దారి లేదు. 2021 ఒలింపిక్స్‌లో మాత్యూ వాన్ డెర్ పూల్ అంతటివాడు, సైక్లో-క్రాస్‌లో ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్, సాధనలో ఉన్న చెక్క ర్యాంపు రేసు రోజు ఉంటుందనుకుని బండ మీది నుంచి నేరుగా కింద పడ్డాడు. పల్లపు నేలలో ఎంత నేర్చినా రేసు దారిని రాయి రాయిగా చూసుకోవాల్సిందే. డౌన్‌హిల్ రేసుకైతే డెల్టాలో ఉండి తయారవ్వాలనుకోవడం వృథా, ఆ ఆశ ఉన్న పిల్లలు ఊరు మారాలి.

మన దేశంలో ఈ ఆటకు వేదికలు లేకపోలేదు. జాతీయ చాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి, 2020లో కర్ణాటకలోని గదగ్‌లో జరిగాయి. హిమాచల్‌లో రోజుల తరబడి సాగే కొండ రేసు 2005లోనే మొదలైంది. 2023 అక్టోబరులో ఆసియా చాంపియన్‌షిప్ కేరళలోని పొన్ముడిలో జరిగింది, అది పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత పోటీ కూడా. కర్ణాటకలో సైక్లిస్టులకు పేరుపడ్డది పశ్చిమ కనుమలు కాదు, విజయపుర, బాగల్‌కోట్ లాంటి ఎండ మైదానాలు, అక్కడ క్రీడా హాస్టళ్లు, పాత ఆటగాళ్లు, పల్లెల్లో సైకిల్ పందేల అలవాటు ఉన్నాయి. దక్కన్ మైదానం చేసిన పని గోదావరి మైదానం చేయలేదనడానికి నాకు కారణం కనిపించదు.

ఒక మండలంలో పదిమంది పిల్లలు, ఒక పీఈటీ మాస్టారు ఉంటే మొదలు పెట్టవచ్చు. రెండు కిలోమీటర్ల చుట్టు ఒకటి, గట్టు ఎక్కుడు రెండు, తోట ముక్క ఒకటి, ఇసుక యాభై మీటర్లు, దిగి సైకిల్ మోయాల్సిన బోదె ఒకటి. తోట యజమానినీ, గట్టు అయితే నీటిపారుదల శాఖ వాళ్లనూ ముందే అడగాలి. రేసు 20 నిమిషాలు, షార్ట్ ట్రాక్ లెక్కనే. వెనకబడినవాళ్లను దించేసే నియమం మాత్రం మొదటి ఏడాది పెట్టకూడదు, ఊళ్లో జనం ముందు మధ్యలో దించేస్తే ఆ పిల్లాడు మళ్లీ రాడు. కాలువ పక్కన దారి ఉంటే ఈత వచ్చినవాళ్లనే తీసుకోవాలి, ఆ ముక్కలో మలుపు పెట్టకూడదు.

ఆరు నెలలు ఇలా తొక్కాక కొండకు పోవాలి. రాజమహేంద్రవరం దాటితే గోకవరం, జగ్గంపేట వైపు మెట్టలో ఎర్రనేల గుట్టలు, జీడిమామిడి తోటలు మొదలవుతాయి, మొదట అక్కడే, ఒక్కరోజు ప్రయాణాలతో. తర్వాత మారేడుమిల్లి, రాజమహేంద్రవరం నుంచి 85 కిలోమీటర్ల చిల్లర. అక్కడికెళ్లి ఘాట్ రోడ్డు ఎక్కడంతోనే రోజంతా గడిపేయడం చాలామంది చేసే పని, ఎక్కడానికి కావలసిన బలం ఇంటి దగ్గరే వస్తుంది కాబట్టి అక్కడి సమయం దిగడానికి పెట్టాలి. మట్టిదారి వాలు ఒకటి, రెండు మూడు వందల మీటర్లది చూసుకుని, అనుమతి అవసరమైన అటవీ ప్రాంతమైతే ముందే తీసుకుని, అదే ముక్కను సైకిల్ తోసుకుంటూ పైకి ఎక్కి మళ్లీ మళ్లీ దిగాలి, మొదట సీటు దించి నెమ్మదిగా, తర్వాత ఒక్కో మలుపులో బ్రేకు కొంచెం ఆలస్యంగా పడుతూ. నెలకో వారాంతం ఇలా పోగలిగితే రెండేళ్లలో జాతీయ జూనియర్ రేసులో మధ్య గుంపులో నిలబడటం సాధ్యమేనని నా అంచనా, అక్కడి నుంచి ముందుకు పోవడం ఆ రోజు నేల ఎంత తడిగా ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.